రేడియేషన్ సూదికి భయపడి ఆపరేషన్ మానవద్దు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి రొమ్ము క్యాన్సర్ చికిత్సకై విశాఖ వెళ్ళే కొన్ని కుటుంబాలను శస్త్రచికిత్స కన్నా ఎక్కువగా కలవరపెట్టే మాట ఒకటుంది: ‘రేడియేషన్ సూది’. కొవ్వాడ అణువిద్యుత్ ప్రతిపాదన నాటి నుండి ఈ ప్రాంతంలో ఆ పేరంటేనే గుబులు. సూది వేయించుకున్న తల్లి దగ్గరికి పిల్లలను వెళ్ళనివ్వకపోవడం, ఆమె కంచం, గ్లాసు వేరుచేయడం మేము వింటున్నదే. ఇది అన్యాయం, అనవసరం కూడా.

కణితి నుండి క్యాన్సర్ కణాలు బయలుదేరితే సాధారణంగా ముందుగా చేరేది చంకలోని ఒకటి రెండు లింఫ్ గ్రంథులకే. వాటిని సెంటినెల్ గ్రంథులు, అంటే కావలి గ్రంథులు అంటారు. వాటి ఆచూకీకై టెక్నీషియం-99ఎం అనే మందును రొమ్ములోకి ఎక్కిస్తారు. ఆపరేషన్ గదిలో గామా ప్రోబ్ అనే పరికరం ఆ గ్రంథిని సమీపించగానే శబ్దం పెరుగుతుంది. సర్జన్ దానిని తీసి పరీక్షకు పంపుతారు. అందులో క్యాన్సర్ లేకుంటే చంకలోని మిగతా గ్రంథుల జోలికి వెళ్ళనక్కరలేదు. అన్నీ తీసివేస్తే కొందరికి చెయ్యి వాచి, ఆ వాపు ఏళ్ళ తరబడి వేధిస్తుంది. పిండి కలపడం, బిందె ఎత్తడం, బిడ్డను ఎత్తుకోవడం భారమవుతాయి. ఆ బాధను తప్పించగలిగేది ఈ సూదే.

టెక్నీషియం శక్తి ప్రతి 6 గంటలకు సగమవుతుంది. 24 గంటలకు 16వ వంతే మిగులుతుంది. రోగికి అందే మోతాదు సాధారణంగా 1 మిల్లీసీవర్ట్ లోపే. ప్రకృతి నుండి మనిషికి ఏటా సగటున అందేది 2.4. మన భావనపాడు ఇసుకలోని మోనజైట్ సైతం రేడియేషన్ వెలువరించేదే కదా! థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. అది సగమవడానికి 8 రోజులు పడుతుంది, అందుకే ఆ రోగులను కొన్నాళ్ళు విడిగా ఉంచుతారు. ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.

సర్జన్లు, నర్సులు ఏడాది పొడవునా ఈ పనిలో ఉంటారు. రేడియేషన్ పనిచేసే ఉద్యోగులకు అణుశక్తి నియంత్రణ మండలి విధించిన పరిమితి అయిదేళ్ళ సగటున ఏటా 20 మిల్లీసీవర్ట్లు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. ఈ ఆపరేషన్లలో వారికి చేరేది అందులో అత్యల్పం. మందు అంటిన గాజుగుడ్డలను వేరుగా ఉంచి, రేడియేషన్ తగ్గాకే పారవేస్తారు.

గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. అత్తగారి ముందు సిగ్గుపడి దాచే సోదరీమణులున్నారు. నర్సుతో ఏకాంతంగా చెప్పవచ్చు. పాలు ఎంతసేపు ఆపాలో వైద్యులే నిర్ణయిస్తారు. మొదటి రోజు మరుగుదొడ్డిలో నీళ్ళు బాగా పోసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత్రం నీలంగానో ఆకుపచ్చగానో వస్తే కంగారు వద్దు, అది గ్రంథిని గుర్తించడానికి తోడుగా వాడే రంగు మాత్రమే. అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా, మరెక్కడికి వెళ్ళినా, ఈ పరీక్ష తమకు వర్తిస్తుందా అని ఆపరేషన్ తేదీకి ముందే అడగడం మంచిది.