సమానంగా పంచితే సరిపోదు

సెల్‌ఫోన్‌తో మోటారు వేసే స్టార్టర్లు రాయలసీమ రైతుకు కొత్త కాదు. వాటికి తేమ సెన్సార్లు, కెమెరాలు తోడైతే ఆ సమాచారాన్నంతా ఎక్కడ లెక్కగట్టాలన్నది ప్రశ్న. ప్రతిదీ దూరాన ఉన్న క్లౌడ్ సర్వర్లకు పంపకుండా ఊళ్లోనో పక్క పట్నంలోనో ఉన్న చిన్న కంప్యూటర్లతో చేయించడమే ఫాగ్ కంప్యూటింగ్. సిస్కో పరిశోధకులు 2012లో దీన్ని ముందుకు తెచ్చారు. ఆ కంప్యూటర్ల మధ్య పని పంచడం లోడ్ బ్యాలెన్సింగ్. ఈ పంపకం గురించే అపోహలు ఎక్కువ.

అపోహ: అన్ని కంప్యూటర్లకూ సమానంగా పంచాలి.

వాస్తవం: ఆళ్ళగడ్డలో సెకనుకు 20 పనులు చేసే చిన్న కంప్యూటర్ పెట్టె, నంద్యాలలో 80 చేసే పెద్ద పెట్టె ఉన్నాయనుకుందాం. సెకనుకు 60 పనులు వస్తున్నాయి. చెరి సగం పంచితే ఆళ్ళగడ్డ పెట్టె దగ్గర సెకనుకు 10 చొప్పున మిగిలిపోతాయి, నిమిషం తిరిగేసరికి 600 పనులు వరసలో ఉంటాయి. నంద్యాల పెట్టె మాత్రం సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది. అదే 12, 48గా పంచితే రెండింటి మీదా భారం 60 శాతమే. కేసీ కాలువ కింద తూముకు నీళ్లు వదిలేది ఆయకట్టును చూసే కదా!

అపోహ: క్లౌడ్ దూరంగా ఉంది కాబట్టే ఆలస్యం.

వాస్తవం: ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. క్లౌడ్ సర్వర్లు హైదరాబాద్‌లో ఉన్నాయనుకుందాం. నంద్యాల నుంచి అక్కడికి 300 కిలోమీటర్లనుకున్నా, పోయి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. అసలు ఆలస్యం పొలానికీ టవర్‌కూ మధ్య బలహీనమైన సిగ్నల్‌లోనూ, సర్వర్ల ముందు వరసల్లోనూ ఉంది.

అపోహ: దగ్గరున్న పెట్టెకిస్తే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: ఖాళీగా ఉంటేనే. త్రీఫేజ్ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి, వాటి సందేశాలూ ఒక్కసారే వచ్చిపడతాయి. అప్పుడు ఊరి పెట్టె ముందు కాచుకోవడం కంటే నంద్యాలకు పంపడమే మేలు. అయితే ఏ పనైనా పంపొచ్చని కాదు. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరుగుతుంటే దాన్ని ఆపే నిర్ణయం స్టార్టర్ డబ్బాలోనే జరగాలి, నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా. తేమ లెక్కలు పది నిమిషాలు ఆగినా పైరుకు నష్టం లేదు.

అపోహ: అన్ని పెట్టెల పరిస్థితీ తెలిసిన ఒక పెద్ద కంప్యూటర్ ఉండి తీరాలి.

వాస్తవం: దానికి తెలిసేది కొన్ని సెకన్ల కిందటి పరిస్థితి. అందులో ఖాళీగా కనిపించిన పెట్టె మీదికే పనులన్నీ తోస్తే ముందుగా కూలేది అదే. పెట్టెలు చాలా ఉన్నచోట గణితజ్ఞులు చూపిన ఉపాయం ఎంతో సులువు: ఏవో రెండింటిని యాదృచ్ఛికంగా ఎంచుకుని, వాటిలో వరస తక్కువున్న దానికి పని ఇవ్వడం. ఒక్కదాన్నే గుడ్డిగా ఎంచుకోవడం కంటే ఇలా చేస్తే అతి పొడవైన వరస బాగా తగ్గుతుంది. మూడో పెట్టెను కూడా అడిగితే కలిసొచ్చేది కొద్దిగానే.