గెడ్డవార కాపురం



సంక్రాంతి వెళ్లిన తరువాత మన వీధుల్లోకి కొండచీపుళ్లు వస్తాయి. కట్టలు నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషితో మనం బేరమాడతాం. "నాలుగు తీసుకుంటాను, ఇంకో రూపాయి తగ్గించవమ్మా" అంటాం. నేనూ అన్నదాన్నే. ఆ చీపురు ఏ కొండమీద పుట్టిందో, ఎవరు కోశారో చాలాకాలం నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. మా ఆడపడుచు సీతంపేట వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరుగా వుండబట్టి రెండు మూడుసార్లు ఆ కొండలు ఎక్కే అవకాశం వచ్చింది. అక్కడ సవర కుటుంబాలు ఊరు లేనిచోట ఊరు ఎలా కట్టుకున్నాయో, పొలం లేనిచోట పొలం ఎలా చేసుకున్నాయో ఇవాళ మీతో చెబుతాను. పొలం "చేసుకోవడం" అని కావాలనే అంటున్నాను. మన పల్లెల్లో పొలం కొంటారు, పంచుకుంటారు, తాకట్టు పెడతారు. అక్కడ పొలాన్ని తయారుచేస్తారు.

పాలకొండ దాటి కొండలవైపు వెళితే సీతంపేట. ఇంకా పడమరగా కురుపాం, గుమ్మలక్ష్మీపురం. ఇవన్నీ ఇదివరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వుండేవి. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. మందస, మెళియాపుట్టి వైపు కొండలు మాత్రం శ్రీకాకుళంలోనే వున్నాయి. కొండకీ కొండకీ మధ్య సన్నని లోయ, లోయలో ఒక గెడ్డ. ఆ గెడ్డల్లో చాలావరకు దిగివచ్చి నాగావళిలోనో, వంశధారలోనో కలుస్తాయి. లోయ మొదట్లో, నాగలి నడిచే చదునులో జాతాపులు ఎక్కువ. వాళ్లు తెలుగే మాట్లాడతారు. పైకి పోయినకొద్దీ సవర గూడలు. సవర భాష తెలుగుకీ ఒరియాకీ చుట్టం కాదు. ఎక్కడో ఉత్తరాన వున్న సంతాలీ, ముండారీ భాషలకు చెల్లెలు.

గూడ పుట్టేది నీటిని బట్టి. వేసవిలో కూడా ఎండని ఊట కనబడాలి. దాని పైన పోడుకు పనికివచ్చే వాలు వుండాలి. చింత, మామిడి, జీలుగు చెట్లు దగ్గరలో వుంటే మరీ మంచిది. మొదట వచ్చేవి రెండో మూడో కుటుంబాలు, చాలాసార్లు అన్నదమ్ములు. పాత గూడలో జనం ఎక్కువై, పోడు చాలక కొత్త లోయ వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. సవరల్లో మనకున్నట్టు గోత్రాలు లేవు. ఒక తాత సంతతిని అంతా కలిపి "బిరిండ" అంటారు. ఒరిస్సావైపు సవరలతో తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పుస్తకంలో, ఆడపిల్ల పెళ్లయి వెళ్లినా పుట్టింటి బిరిండలోనే వుండిపోతుందని రాశాడు. పెళ్లినాడే ఇంటిపేరు, గోత్రం మార్చేసుకునే మనకు ఇది వింతగా తోస్తుంది. నాకైతే కొంచెం అసూయగా కూడా తోచింది సుమండీ!

ఇళ్లు ఒకదానినొకటి ఆనుకుని వరుసగా వుంటాయి. ఎర్రమట్టి అలికిన గోడలు, ముందు అరుగు, వంగితేగాని లోపలికి వెళ్లలేనంత కిందకు దిగిన గడ్డికప్పు. లోపల పొయ్యిపైన అటక. గింజ బాగా పట్టిన కంకులు ఏరి, ఆ పొగలో వేలాడదీస్తారు. పొగపట్టిన విత్తనాన్ని పురుగు తినదు. మనం కందిపప్పు డబ్బాలో వేపాకు వేసినట్టే అనుకోండి. ఇప్పుడు చాలాచోట్ల ప్రభుత్వం ఇచ్చిన శ్లాబు ఇళ్లు వచ్చాయి. శ్లాబు కింద పొగకు దారి లేదు కాబట్టి, పాత వంటపాకను పడగొట్టకుండా విత్తనాలకోసం వుంచుకున్నవాళ్లను చూశాను.

పోడు సంగతికి వస్తాను. మాఘ ఫాల్గుణాల్లో కొండవాలున తుప్పలూ చిన్న చెట్లూ నరుకుతారు. ఇప్ప, చింత, మామిడి జోలికి పోరు. నరికింది ఎండలో ఎండిపోయాక, చైత్ర వైశాఖాల్లో ఒకరోజు గాలి చూసుకుని నిప్పు పెడతారు. ఆ బూడిదే ఎరువు. జ్యేష్ఠంలో తొలివాన పడగానే విత్తనాలు చల్లుతారు. ఇక్కడ వుంది చమత్కారం. మన రైతు ఒక మడిలో ఒక్క పంటే వేస్తాడు. వీళ్లు సామలు, కొర్రలు, చోళ్లు, జొన్నలు, కందులు అన్నీ ఒకే వాలున వేస్తారు. గట్లవార గుమ్మడి, అనుములు. చూడడానికి కలుపుమొక్కల అడవిలా వుంటుంది. కాని లెక్క వేరు. సామలూ కొర్రలూ భాద్రపద, ఆశ్వయుజాల్లో చేతికి వస్తాయి. కార్తీకానికి చోళ్లు, ఆ వెనక జొన్నలు, పుష్యమాసానికి కందులు. అంటే నాలుగైదు నెలలపాటు ఏదో ఒకటి ఇంటికి వస్తూనే వుంటుంది. వాన ముందుగా వెళ్లిపోతే ఒకటి పోతుంది, ఇంకొకటి నిలుస్తుంది. నెలజీతం ఇంట్లో మనం సరుకులు వాయిదాల మీద తెప్పించుకునే పద్ధతి వాళ్లు పొలంలోనే పెట్టుకున్నారు.

నరకడం, కాల్చడం మగవాళ్ల పని. అక్కడితో వాళ్ల బరువు కొంత తగ్గుతుంది. కలుపు తీయడం, కోయడం, దంచడం, నీళ్లు మోయడం ఆడవాళ్లవి. పంట పాలుపోసుకునే రోజుల్లో మంచె కట్టి, కుటుంబమంతా కొండమీదకే కాపురం మారుస్తుంది. పగలు చిలకలు, కోతులు, రాత్రి అడవిపందులు, ఎలుగుబంట్లు. చంటిపిల్లను వీపున కట్టుకుని డప్పు కొట్టే తల్లిని ఊహించుకోండి. ఇంత చేసినా కందికొత్తల పండుగ జరిగేదాకా కొత్త కందులు ఎవరూ నోట పెట్టరు. ముందు కొండదేవతకు, పెద్దలకు పెట్టాలి. ఆకలికి ఆగలేక పచ్చికాయలు కోసేసుకుని, విత్తనానికి కూడా మిగల్చకుండా చేసుకోకూడదని పూర్వులు ఈ కట్టు పెట్టివుంటారని నా అభిప్రాయం.

"పోడు అంటే అడవి తగలబెట్టడమే గదా!" అని మనలో చాలామంది అంటాం. సగం నిజం. ఒక వాలును రెండు మూడేళ్లు పండించి వదిలేస్తే, పది పన్నెండేళ్లలో అడవి మళ్లీ కమ్ముకునేది. అంత తిరగడానికి కొండలు వుండాలి. 1882 మద్రాసు అడవుల చట్టం తరువాత రిజర్వు అడవి గీతలు వచ్చాయి. దిగువ భూములు మైదానం వాళ్ల చేతికి పోయాయి. మిగిలిన కొంచెం కొండ మీదికే జనం తిరిగి తిరిగి వస్తే, వదిలే ఏళ్లు మూడుకీ నాలుగుకీ దిగాయి. మట్టి కొట్టుకుపోయింది. నేరం నిప్పుది ఎంతో, గీతలది ఎంతో మీరే ఆలోచించండి.

ఇందులో కష్టమైన రోజులు ఆషాఢ శ్రావణాలు. పాతగింజ అయిపోతుంది, కొత్తది పొట్టలోనే వుంటుంది, కలుపుపని మాత్రం అప్పుడే ఎక్కువ. ఆ రోజుల్లో ఇంటి ఇల్లాలి తెలివే అన్నం. జీలుగు చెట్టు దూటను కొట్టి పిండి తీసేవారు. వేసవిలో తిన్న మామిడిటెంకలు పారేయకుండా దాచి, లోపలి జీడిని గెడ్డనీటిలో రోజుల తరబడి నానబెట్టి, వగరు విరిచి, ఎండబెట్టి, దంచి అంబలి కాచేవారు. ఆ జీడికి తేమ తగిలి బూజు పడితే విషమే. 2001లో పక్కనే, రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంకల అంబలి తాగి చాలామంది చనిపోయారు. మన వైపు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. అయితే కోటాబియ్యం వచ్చినకొద్దీ సామలు, కొర్రలు వెనక్కి తగ్గి, పాత పోళ్లలోకి జీడిమామిడి, అనాస, పసుపు వచ్చాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, సంతోషమే. కాని అనాస పండు పది రోజులు ఆగదు. తెల్లవారకుండానే కావిడి కట్టుకుని సోమవారం సీతంపేట సంతకు దిగుతుంటే, దారిలోనే వ్యాపారి అడ్డుపడి అడిగిన ధరకు తీసేసుకుంటాడు. చింతపండు, చీపుళ్లు, కరక్కాయలు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది ఇలాంటి బేరాలు చూసే.

ఇక నన్ను నిలబెట్టేసిన సంగతి. గెడ్డవార మెట్లు మెట్లుగా వరిమళ్లు. మొదటిసారి చూసినప్పుడు ఏ ఇంజనీరో కట్టించాడనుకున్నాను. మా ఆడపడుచు నవ్వింది. ఈ మళ్లు ఎలా చేస్తారంటే, గెడ్డ పారే పల్లంలో అడ్డంగా రాళ్లు పేరుస్తారు. సిమెంటు లేదు, సున్నం లేదు. పెద్దరాయి కింద, చిన్నరాయి సందులో, గోడ కొంచెం కొండవైపు వాలి వుండాలి. వానకు కొండమీంచి వచ్చే మట్టి ఆ గోడ వెనక ఆగుతుంది. చాలకపోతే తట్టలతో మోసి పోస్తారు. మట్టి చదునయ్యాక దాని పైన ఇంకో గోడ. నీరు పైమడిలో నిండి, వదిలిన రాతిసందులోంచి కిందమడిలోకి దిగుతుంది. ఆ సందులో పలకరాయి పరచకపోతే దూకే నీరు గోడకాలిని తవ్వేస్తుంది. కొన్ని గోడలు మనిషి నిలువును మించి వుంటాయి, లోపల పండే మడి మాత్రం మన పెరడంత! గోడ నిలిపేది మగవాళ్లు, రాయీ మట్టీ మోసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఒకటి రెండు వానాకాలాల్లో అయ్యేది కాదు. తాత రెండు మళ్లు, తండ్రి మూడు, కొడుకు ఇంకొకటి. పెద్దవాన వచ్చి ఒక గోడ తెగితే కిందవన్నీ ఇసకమేట. మళ్లీ మొదలు. ఫిలిప్పీన్స్ దేశపు కొండల్లో ఇలాంటి వరిమెట్లనే 1995లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వమని గుర్తించారు. మన మెట్లను చూడడానికి ఎవరూ రారు. అవి చిన్నవి మరి.

ఈ లోయల్లో కాపురానికి ఇంకో వెల కూడా వుండేది, మన్యపు జ్వరం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా వుంటూ సవర భాష నేర్చుకుని, సొంతఖర్చుతో వాళ్ల పిల్లలకు బడులు పెట్టించిన గిడుగు రామమూర్తి పంతులుగారికి, ఆ జ్వరానికి వాడిన క్వినైనువల్లనే చెవుడు వచ్చిందని చెబుతారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అప్పుడప్పుడు వెళ్లివచ్చే పంతులుగారికే అంత అయితే, ఏడాది పొడుగునా అక్కడే పిల్లల్ని కన్న తల్లుల మాట చెప్పాలా?

ఇంత చేసిన పొలం ఎవరిది? అసలు చిక్కంతా ఇక్కడే. కాగితాల్లో అది చాలాకాలం అడవి, లేదా బంజరు. తవ్వినవాడి పేరే లేదు, మోసినదాని పేరు ఎక్కడ? అప్పు ఇచ్చిన మైదానం వ్యాపారి వేలిముద్ర వేయించుకుని పల్లపుమడిని పట్టుకుపోయేవాడు. దాన్ని ఆపాలని 1917లో ఒక చట్టం, 1959లో ఒక రెగ్యులేషను, చాలక 1970లో "ఒకటి బై డెబ్బై" అని మనం వినే రెగ్యులేషను వచ్చాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోరాదన్నది దాని సారం. మధ్యలో 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల్లో ఇద్దరిని లేవిడి దగ్గర కాల్చి చంపారు. ఆ తరువాత మూడేళ్లు ఈ కొండలు ఎలా మండాయో మా తరానికి పెద్దలు చెప్పగా తెలుసు. కూలి, అప్పు, భూమి అనే మూడు మాటలమీదే అదంతా మొదలయింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో వున్న అడవిభూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, అంటే సుమారు పది ఎకరాలదాకా, హక్కుపత్రం ఇస్తారు. అమ్మకూడదు, పిల్లలకు సంక్రమిస్తుంది. మనం ముఖ్యంగా గమనించాల్సిన మాట ఒకటి అందులో వుంది. పెళ్లయినవారికి పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా వుండాలి. గ్రామసభ వేసే హక్కుల కమిటీలో మూడోవంతుకు తక్కువ కాకుండా ఆడవాళ్లుండాలి. మన పట్నాల్లో ఇల్లు కొన్నప్పుడు ఇద్దరి పేరునా రాయించుకున్నవాళ్లం ఎందరమో, ఒకసారి లెక్క చూసుకుందామా?

మొన్న శ్రావణంలో వెళ్లినప్పుడు, మళ్లు చూపించిన పెద్దావిడ నన్ను ఇంట్లోకి పిలిచింది. అరవై దాటివుంటాయి. భర్త పోయి నాలుగేళ్లు. సంతలో నేర్చుకున్న తెలుగు. అటకమీంచి ఒక ప్లాస్టిక్ కవరు దించింది. అందులో మడతలు పడ్డ హక్కుపత్రం. "అమ్మా, ఇందులో నా పేరుందా? ఉందంటారు. నాకు చదువురాదు" అంది. ఉంది. భర్త పేరు పక్కనే వుంది. విస్తీర్ణం మాత్రం ఎకరాన్నర. పైన వున్న మూడు మళ్లు కొలతలో రాలేదట. కొలవడానికి వచ్చినవాళ్లు ఆ రోజు వానకి పైదాకా ఎక్కలేదని ఆమె అంది. ఆ మూడింటి రాళ్లే తను కొత్తకోడలిగా వచ్చిన ఏడాది మోసినవట.

"మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు అప్పా, గ్రామసభలో అడగండి" అన్నాను. మా ఆడపడుచు రాసిపెడతానంది. ఆమె తల వూపి, కాగితం నా ముందు పెట్టి, "ఏది, నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అంది. చూపించాను. అక్షరాలను వేలితో ఒకసారి తడిమింది. మళ్లీ కవరులో పెట్టి, చోళ్ల విత్తనాల పక్కన అటకమీద దాచి, కలుపుకి వేళయిందని గుద్దలి పట్టుకుని బయలుదేరింది.