కోస్తా దారిలో ఒక రాత్రి బస

ఈమధ్య మన సంఘం కార్యక్రమాలకు వచ్చే కుటుంబాల మధ్య ఒక కొత్త ముచ్చట తరచుగా వినబడుతోంది. పిల్లలకు సెలవులు రాగానే రైలు టికెట్ల కోసం, హోటలు గదుల కోసం అవస్థలు పడకుండా క్యాంపర్ వ్యాన్ ఒకటి అద్దెకు తీసుకుని సముద్రం దాకా వెళ్ళిరావడం. పడకలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చిన్న మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. బెంగుళూరులో ఉన్న మనకు సముద్రమంటే పడమట మంగుళూరు, ఉడుపి, గోకర్ణం. తూర్పున నెల్లూరు, బాపట్ల, చీరాల. ఎటు వెళ్ళినా ఒక పగలంతా ప్రయాణమే. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి బండి ఎక్కడ ఆపాలన్నదే ప్రశ్న.

“అన్నీ బండిలోనే ఉన్నప్పుడు మళ్ళీ గదికి డబ్బు దేనికండీ? ఒడ్డున ఎక్కడో ఒకచోట ఉచితంగా ఆపుకుంటే పోలా?” అని మొన్న ఉగాది సంబరాల్లో ఒక మిత్రుడు అడిగారు. మేము రెండు శీతకాలాల్లో రెండు వైపులా వెళ్ళివచ్చాం కనుక నన్ను అడగడం సబబే. కాని జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అందుకే ఈ వ్యాసం.

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఎవరైనా స్థలం తాకట్టు పెడతామని వస్తే మేము మొదట చూసేది స్థలం ఎంత బాగుందని కాదు, అది ఎవరిదని. రాత్రి బండి ఆపే చోటికీ ఇదే సూత్రం. సముద్రపు ఒడ్డు మనకు ఖాళీగా, యజమాని లేనిదిగా కనబడుతుంది. కాని ఆ సరుగుడు తోపు చాలాచోట్ల అటవీ శాఖది. ఆ ఇసుక మేట మీద పడవలు పెట్టుకునేది పక్క పల్లె బెస్తవారు. కొబ్బరి తోటకు రైతు ఉంటాడు. గుడి ముందున్న మైదానం దేవస్థానానిది. ఇవేవీ కాకపోతే పోరంబోకు. పోరంబోకు అంటే ఎవరిదీ కాదని మన వాడుక. రెవెన్యూవారి లెక్కలో మాత్రం అది సర్కారుది. అందుచేత “ఉచితం” అనేది స్థలానికి ఉండే గుణం కాదు. ఎవరో ఒకరు మనకు సరేనంటేనే అది ఉచితం. లేకపోతే ఆక్రమణ, అర్ధరాత్రి తలుపు మీద లాఠీ చప్పుడు.

కొన్నిచోట్ల అడిగి కూడా లాభం లేదు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్‌లలో కర్ణాటకలోని పడుబిద్రి, హొన్నావర దగ్గరి కాసరకోడు, మన విశాఖలోని రుషికొండ ఉన్నాయి. ఆ గుర్తింపు నిలవాలంటే అనుమతి లేని మకాములు ఉండకూడదని నియమం. కార్వార దాటి గోవాలో అడుగుపెడితే, అక్కడి ప్రభుత్వం 2019లో పర్యాటక స్థలాల చట్టాన్ని సవరించి, బీచ్‌ల మీద బహిరంగంగా వంట చేయడాన్నే నిషేధించింది. పొయ్యి బయటపెట్టి పులిహోర కలుపుకుందామనుకునే మనవాళ్ళు ఇది గమనించాలి.

మరి ఉచిత బస అనే మాటకు చట్టంలోనే చోటిచ్చిన దేశం ఉన్నదా అంటే, న్యూజిలాండ్ ఉన్నది. మా అమ్మాయి, అల్లుడు అక్కడుంటారు. అక్కడ 2011లో, రగ్బీ ప్రపంచ కప్పుకు వేలాదిగా జనం వస్తారని ముందే ఊహించి, ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం చేశారు. స్థానిక కౌన్సిల్ అధీనంలోని భూమిలో, బైలాతో గాని మరో చట్టంతో గాని నిషేధించనిచోట, రాత్రి బస చేయవచ్చు. అయితే పదేళ్ళలోనే సముద్ర తీరాల్లోని చిన్న ఊళ్ళు గోలపెట్టాయి. మరుగుదొడ్డి లేని వ్యాన్లలో వచ్చినవారు పొదల వెనక చేసిన నిర్వాకమే అందుకు కారణం. 2023లో చట్టాన్ని బిగించారు. కౌన్సిల్ భూమిలో వాహనంతో ఆగాలంటే బండిలో కదలకుండా బిగించిన మరుగుదొడ్డి ఉండాలి. కనీసం మూడు రోజులకు సరిపడా మంచినీళ్ళు, అన్ని రోజుల మురుగునూ పట్టే తొట్లు ఉండాలి. తనిఖీ చేయించి ధ్రువపత్రం అతికించుకోవాలి. లేకపోతే జుల్మానా. మురుగు ఖాళీ చేసుకోవడానికి ఊరూరా డంప్ స్టేషన్లు కట్టారు. అంటే ఉచిత బస అక్కడ కూడా ఊరికే రాలేదు. “నా చెత్త నాతో తీసుకుపోతాను” అనే పూచీకత్తు మీద వచ్చింది.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటక విధానం ప్రకటించి, పార్కులకు ఊతమిచ్చింది. అవి డబ్బు కట్టి ఆగే చోట్లు. కాని చట్టం లేదన్నంత మాత్రాన మనకు సంప్రదాయం లేదనుకోకండి. ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ చదివారా? ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే నెలలో బయలుదేరి, సుమారు వందమంది పరివారంతో కాశీకి వెళ్ళి, కలకత్తా మీదుగా తూర్పు కోస్తా వెంబడి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. పుస్తకం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకి ఆయన రాసుకున్నదేమిటి? ఊళ్ళో నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి సత్రమున్నదా. నేటి క్యాంపర్ వ్యాన్ యాత్రికుడు రాసుకోవలసిన డైరీ సరిగ్గా అదే. సత్రం కట్టించినవాడు బాటసారికి చేసినది దానమే అయినా, దానికీ కట్టుబాట్లుండేవి. మూడు రోజులకు మించి ఉండకూడదు, వంట చేసిన చోటు శుభ్రం చేసి వెళ్ళాలి. గూడుబండి విప్పి ఎడ్లను చెట్టుకు కట్టేసిన మన తాతలకు ఇదంతా వేరే చెప్పనక్కరలేదు.

ఇక దారుల సంగతి. మంగుళూరు వైపు హాసన, సకలేశపుర మీదుగా శిరాడి ఘాటు దిగాలి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి ఆ దారి మూతపడిన సందర్భాలున్నాయి కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్ళడం మంచిది. సకలేశపుర ప్రాంతంలో కాఫీ తోటల పక్కన నిశ్శబ్దంగా, చల్లగా ఉందని బండి ఆపేరు సుమా! అక్కడ ఏనుగులు రాత్రిపూట తోటల్లోకి దిగుతాయి. చీకటి పడేలోగా ఘాటు దిగడమో, లేదా హాసనలోనే ఆగిపోవడమో చేయాలి. కోళికోడు వైపు వెళ్ళేవారు గుండ్లుపేట దాటాక బండీపుర అడవిలోంచి పోవాలి. 2009 నుంచి ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు బంద్. తొమ్మిదిన్నరకు గేటు దగ్గరికి చేరితే ఎనిమిదిన్నర గంటలు కూర్చోవడమే.

కుందాపుర దాటగానే మరవంతె వస్తుంది. హైవేకి ఒకపక్క అరేబియా సముద్రం, మరోపక్క సౌపర్ణికా నది. చూడగానే ఎవరికైనా అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. కాని హైవే అంచున బండి ఆపి నిద్రపోవడం కంటే అపాయం ఇంకొకటి లేదు. ఆగివున్న లారీని వెనక నుంచి గుద్దిన వార్త పేపర్లో మనం ఎన్నిసార్లు చదవలేదు? మేము సాయంకాలం సూర్యాస్తమయం చూసి, అక్కడి నుంచి కొంత లోపలికి, ఒక చిన్న గుడి దగ్గరికి వెళ్ళాం. కాపలాదారుకు నమస్కారం పెట్టి, “స్వామీ, రాత్రి ఇల్లి గాడి నిల్లిసబహుదా?” అని అడిగాను. ఇన్నేళ్ళు బెంగుళూరు నీళ్ళు తాగినందుకు ఆ మాత్రం కన్నడం రాకపోతే ఎలా! ఆయన ముందు బండి చుట్టూ తిరిగి చూశాడు. లోపల మా అత్తగారు జపమాల పట్టుకుని కూర్చుని ఉండడం చూశాక మెత్తబడ్డాడు. మూడు షరతులు పెట్టాడు. మాంసం, మందు ఉండకూడదు. ఆవరణలో చుక్క నీళ్ళు పారబోయకూడదు. ఉదయం అభిషేకానికి జనం వచ్చేలోగా బండి తీసేయాలి. డబ్బు ఇవ్వబోతే “హుండీలో వేయండి” అన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మా అత్తగారు రాత్రి రెండుసార్లు లేస్తారు. మరుగుదొడ్డి బండిలోనే ఉన్న సుఖం నాకు ఆ రాత్రి తెలిసింది.

తూర్పు వైపు చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నెల్లూరు. అక్కడికి దగ్గర్లో మైపాడు. ఇంకా పైకి పోతే చీరాల దగ్గర వాడరేవు, బాపట్ల దగ్గర సూర్యలంక. మేము ఆ తీరాన ఒక పల్లె చివర ఆగాలనుకున్నప్పుడు ఒక పెద్దాయన వచ్చి, “ఇక్కడొద్దు బాబూ, తెల్లారగట్ట ట్రాక్టరొస్తది, పడవలు లాగాల. అదిగో, ఆ రామాలయం పక్కన పెట్టుకోండి” అన్నాడు. ఆ మాట కోసమే చీకటి పడకముందే చేరాలి. పొద్దున్న మా ఆవిడ ఆ పెద్దాయన ఇంటికి కాఫీ ఫ్లాస్కు పట్టుకెళితే, తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నాలుగు చేపలు! మేము శాకాహారులం. వాటిని ఎలా కాదన్నదో ఆమెనే అడగాలి.

సముద్రం దగ్గర పంచాంగం కూడా చూసుకోవాలి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువగా ఉంటుంది. పాటు వేళ గట్టిగా కనిపించిన తడి ఇసుక మీదికి బండి దింపితే, పోటు వచ్చేసరికి చక్రాలు దిగబడిపోతాయి. బండి ఇసుక మీదికి పోనేకూడదు. జనవరి నుంచి మార్చి దాకా ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగును చూసి దారి పట్టుకుంటాయి కనుక, మన బండి లైట్లు సముద్రం అనుకుని ఇటు వచ్చి చస్తాయి. సముద్రం వైపు పరదాలు వేసుకుని దీపాలు ఆర్పడం మనకు పెద్ద పని కాదు.

పెట్రోలు బంకుల్లో ఆగవచ్చా అని చాలామంది అడుగుతారు. హైవేల మీది పెద్ద బంకుల్లో లారీలు నిలుపుకునే జాగా ఉంటుంది. డీజిలు పోయించుకుని మేనేజరును అడిగితే చాలామంది కాదనరు. అక్కడ మాత్రం పొయ్యి వెలిగించకూడదు. ఇడ్లీలు కట్టించుకుని వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం. 2024 డిసెంబరు 23న కేరళలో కోళికోడు జిల్లా వడకరలో, రోడ్డు పక్కన ఆగివున్న ఒక క్యారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఎవరూ కొట్టలేదు, దోచుకోలేదు. ఎ.సి. కోసం జనరేటరు నడుస్తూండగా నిద్రపోయారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగునున్న రంధ్రంలోంచి లోపలికి చేరిందని నిపుణులు తేల్చారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రానివ్వదు. అంతకు ముందు ఏడాది, 2023 ఆగస్టు 26న మదురైలో ఆగివున్న యాత్రికుల రైలుపెట్టెలో తెల్లవారుజామున గ్యాసు సిలిండరు మీద టీ కాచబోతే మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. దొంగల భయంతో కిటికీలన్నీ బిగించుకునే మన అలవాటు ఇక్కడ ప్రాణాంతకం. జనరేటరు నడుస్తూండగా పడుకోవద్దు. ఎ.సి. లేకుండా నిద్రపట్టే నెలల్లోనే వెళ్ళండి. దోమతెర బిగించి రెండు వైపులా కిటికీలు కాస్త తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం చిన్న పెట్టె, బజారులో దొరుకుతుంది; అద్దె బండిలో అది లేకపోతే మీరే కొని పెట్టుకోండి. పొయ్యి పని అయ్యాక సిలిండరు దగ్గరే కట్టేయండి. గది అద్దె మిగిలిందన్న లెక్క దీని ముందు ఎంత?

చివరగా మురుగు సంగతి. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. మన హైవేల పక్కన డంప్ స్టేషన్ అనే బోర్డు కోసం వెతక్కండి. మరుగుదొడ్డి కింద ఉండే డబ్బాను బయటికి తీసి, ఫ్లష్ ఉన్న మామూలు మరుగుదొడ్డిలోనే పోయాలి. వాగులో, ఇసుకలో, సముద్రంలో పోయకూడదు. మేము రెండో రోజుకొకసారి ఒక లాడ్జిలో రెండు గంటలకు గది తీసుకుని, అందరం స్నానాలు చేసి, డబ్బా ఖాళీ చేసి కడుక్కునేవాళ్ళం. ముందే చెప్పి, ఊడ్చే మనిషికి విడిగా కొంత ఇచ్చాం. కాబట్టి, నా పద్దు పుస్తకంలో “ఉచిత బస” ఎదురుగా ఒక ఖర్చు పడనే పడింది. బట్టలు ఉతికిన సబ్బునీళ్ళు కూడా డబ్బాలో పట్టి అక్కడే పారబోశాం.

మన సభ్యుల్లో ఇలా వెళ్ళివచ్చినవారు, అడిగితే బండి నిలుపుకోనిచ్చిన గుడి, బడి, తోట ఏదైనా ఉంటే, ఎవరిని అడగాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, వారు పెట్టిన షరతులేమిటి అన్న వివరాలతో సంపాదకులకు రాయండి. ఇచ్చినవారి అనుమతి తీసుకున్నాకే సుమా. వచ్చే సంచికకు నేను పట్టిక తయారు చేసిపెడతాను.