పాత జీపు కమాన్లు ఎత్తాక స్టీరింగ్ ఎందుకు కొట్టుకుంది? ఉస్మాన్‌గంజ్‌లో తెలిసిన సంగతి

ఈసారి జీవామృతం గురించి కాదు, జీవామృతానికి బెల్లం, శనగపిండి మోసుకొచ్చే బండి గురించి. మా జీపు బురదలోంచి బయటికొచ్చిన వీడియో చూసి చాలామంది "కమాన్లు ఏం వేయించారు, ఎత్తు ఎంత పెంచారు" అని అడిగారు. ఎత్తు పెంచడం సులువే. పెంచాక స్టీరింగ్ సరిచేసుకునే దగ్గరే నేను దెబ్బతినబోయాను. అందుకే అది వివరంగా రాస్తున్నా.

బండి 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540, ప్యూజో డీజిల్ ఇంజన్, ఫోర్ బై ఫోర్. ముందూ వెనకా కమాన్ పట్టీలే. మాది వికారాబాద్ వైపు, నల్లరేగడి. వానాకాలంలో ట్రాక్టర్ చక్రాల గాళ్ల మధ్య గడ్డ లేస్తుంది, జీపు అడుగు దానికి తగిలి నిలబడిపోయేది. 30 ఏళ్ల కమాన్లు కదా, వంపు పోయి బల్లపరుపు అయినాయి. తెలిసిన మెకానిక్ దగ్గరికి పోతే ఒక్క పూటలో పని అయిపోయింది. వెనక ఒక పట్టీ ఎక్కువ వేశాడు, ముందు పొడుగు షాకిళ్లు బిగించాడు. చేలో బ్రహ్మాండంగా నడిచింది.

కందిపప్పు, పసుపు బస్తాలు వేసుకుని ఉస్మాన్‌గంజ్ పోయాను. పోయేటప్పుడు ఏమీ కాలేదు. సరుకు దింపి ఖాళీ బండితో వస్తుంటే, మొయినాబాద్ దాటాక ఆ మర్రిచెట్ల మధ్య, 55 స్పీడులో చిన్న గుంట తగిలింది. అంతే, స్టీరింగ్ ఎడమకీ కుడికీ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది, చేతులు నిలవలేదు. ఎదురుగా బస్సు, పక్కన మర్రి మొద్దు. పక్క సీట్లో మా ఆవిడ. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటే స్పీడు 20కి పడ్డాక ఆగింది. (ఇలా అయినప్పుడు గట్టిగా బ్రేక్ కొట్టొద్దు, ముందు ఇరుసు మీద బరువు పడి ఇంకా ఊగుతుంది.) ఇంటిదాకా 30 దాటలేదు.

టైర్లు బ్యాలెన్సింగ్ చేయించా. కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించా. తగ్గలేదు. మళ్లీ లోడుతో మెల్లగా ఉస్మాన్‌గంజ్ పోయినప్పుడు, హమాలీలు బస్తాలు దింపుతుంటే పక్క లారీ డ్రైవర్, పెద్దాయన, వంగి ముందు ఇరుసు చూశాడు. "షాకిల్ గింత పొడుగేసినవేంది తమ్మీ, ఇరుసు ముందుకు వాలింది. ఇగ స్టీరింగ్ ఏడ నిలుస్తది?" అన్నాడు. అసలు సంగతి అదే.

సైకిల్ ముందు ఫోర్కు చూడండి. పైభాగం మన వైపు వాలి ఉంటుంది. ఆ వాలు ఉండబట్టే హ్యాండిల్ తనంతట తాను తిన్నగా నిలబడుతుంది. జీపులోనూ చక్రం తిరిగే కింగ్‌పిన్ పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉండాలి. దీన్నే క్యాస్టర్ అంటారు. ఈ పాత జీపులకు 3 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. మా జీపులో షాకిల్ కమాన్‌కు ముందు వైపు ఉంది. దాన్ని పొడుగు చేస్తే కమాన్ ముందు కొస కిందికి దిగి, ఇరుసు ముక్కు కిందికి తిరుగుతుంది, క్యాస్టర్ పోతుంది. ఫోన్ యాంగిల్ మీటర్ పెట్టి చూస్తే దాదాపు సున్నా. బస్తాలు ఉన్నప్పుడు వెనక కుంగుతుంది, ముందు లేస్తుంది, క్యాస్టర్ కాస్త పెరుగుతుంది. పోయేటప్పుడు బాగుండి, ఖాళీగా వచ్చేటప్పుడు కొట్టుకోవడానికి కారణం ఇదే. అలైన్‌మెంట్ మెషిన్ క్యాస్టర్ తప్పని చూపిస్తుంది కానీ, కమాన్ ఇరుసుకు దాన్ని తిప్పే బోల్టు ఉండదు. వాళ్లు టో ఒక్కటే సరిచేసి పంపిస్తారు.

ఆరోజే గౌలిగూడ, పుత్లీబౌలీ తిరిగి యూ బోల్టులు, బుష్షులు, టై రాడ్ ఎండ్లు తెచ్చుకున్నా. కమాన్లు కొత్త సెట్టు వేయించి షాకిళ్లు మళ్లీ కంపెనీ సైజువే పెట్టా. ఎత్తు షాకిల్‌తో కాదు, పట్టీల వంపుతో రావాలి.

బిగించే పని ఇద్దరుంటే ఇంట్లోనే అవుతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి పోవద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. సెంటర్ బోల్ట్ తల ఇరుసు ప్యాడ్ రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. అది తప్పితే ఇరుసు ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కి పోతుంది. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. రబ్బరు బుష్షులైతే బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి, లేకపోతే బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది. చక్రాలు వేలాడేటప్పుడు బ్రేక్ గొట్టం లాగుతోందా, షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగిపోయిందా చూడండి. 100 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి, నావి నాలుగూ కొంచెం కొంచెం తిరిగాయి.

ఇంత చేసినా క్యాస్టర్ 1 డిగ్రీ దగ్గరే ఆగింది. అప్పుడు 2 డిగ్రీల ఇనుప వెడ్జ్ పట్టీలు లేత్‌లో చేయించి కమాన్‌కు, ఇరుసుకు మధ్య పెట్టా. మా జీపులో కమాన్ ఇరుసు కింద ఉంటుంది కాబట్టి మందం వైపు ముందుకు పెట్టాలి. కమాన్ ఇరుసు పైన ఉండే బండికి మందం వెనక్కి. తిప్పి పెడితే రోగం ఇంకా ముదురుతుంది. ఎక్కువ డిగ్రీలు ఆశపడకండి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు పెరిగి క్రాసులు అరుగుతాయి.

క్యాస్టర్ అయ్యాకే టో. దానికంటే ముందు చక్రం లేపి ఊపండి. పైనా కిందా పట్టుకుంటే ఆడితే కింగ్‌పిన్ లేదా వీల్ బేరింగ్, పక్కలకు ఆడితే టై రాడ్ ఎండ్. అరిగినవి ఉంచుకుని టో కొలవడం దండగ. రెండు ముందు టైర్ల మధ్యలో సుద్దతో గీత గీసి, హబ్ ఎత్తులో ముందు వైపు దూరం కొలవండి. బండిని అర చుట్టు నెట్టి అవే గీతలను వెనక వైపు కొలవండి. ముందు కొలత 1 నుంచి 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. తేడా ఉంటే టై రాడ్ క్లాంపులు వదులు చేసి రాడ్ తిప్పడమే.

స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే దాన్ని పీకి తిన్నగా పెట్టేవాళ్లున్నారు. అది తప్పు. స్టీరింగ్ బాక్స్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే గట్టిగా ఉంటుంది, పక్కకు పోతే ఆట ఎక్కువ. బాక్స్‌ను మధ్యలో పెట్టి, చక్రాలు తిన్నగా ఉంచి, డ్రాగ్ లింక్ పొడుగు సర్దాలి.

నాలుగైదు అంగుళాలు లేపమని అడిగేవాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ రూపం మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 15 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీ రెన్యువల్‌కు పోయినప్పుడు ఇది బయటపడుతుంది. నేను కుంగిన ఎత్తును వెనక్కి తెచ్చుకున్నానంతే, గడ్డ తగలడం ఆగింది.

ఇప్పుడు ఖాళీ బండితో అదే మర్రిచెట్ల రోడ్డు మీద 60లో వస్తున్నా. మా ఆవిడ మాత్రం ఆ మలుపు దగ్గర ఇప్పటికీ డ్యాష్‌బోర్డు పట్టుకుంటుంది. వెడ్జ్ ఏ వైపు పెట్టాలో, సుద్ద గీతలతో టో ఎలా కొలవాలో వీడియోలో దగ్గరగా చూపించాను, పని మొదలుపెట్టే ముందు ఆ రెండు ముక్కలు చూడండి.