సగటు చాటున శివారు

మన కథాసాహిత్యంలో పట్టణ శివారు ఒక వస్తువుగా స్థిరపడి చాలాకాలమయింది. పొలం ప్లాటవుతుంది, పూరిల్లు డాబా అవుతుంది, కులాల కట్టుబాట్లు సడలుతాయి. ఈ క్రమాన్ని మనం పురోగమనంగా చిత్రిస్తున్నాం. నేనూ అలాగే చిత్రించాను. దర్శి శివారు మీద నేను రాసిన కథ చదివి, అక్కడి ఎస్సీ కాలనీకి చెందిన ఒక విద్యార్థి అడిగాడు: "వీధి మారిందన్నారు మాస్టారూ! వున్నవాళ్ళ బతుకు మారిందా, వున్నవాళ్ళే మారిపోయారా?"

నా కథలో దీనికి జవాబు లేదు. ఎందుకు లేదో ఆలోచిస్తే, మార్పును కొలిచే పద్ధతిలోనే లోపం కనిపించింది.

మొదటిది సగటు. ఒక వీధిలో పది కుటుంబాలు, ఒక్కోదానికి నెలకు 10,000 రూపాయల ఆదాయం అనుకుందాం. నాలుగు కుటుంబాలు స్థలాలు అమ్ముకుని వెళ్ళిపోయాయి. వాటి స్థానంలో నెలకు 60,000 వచ్చే నాలుగు కుటుంబాలు దిగాయి. వీధి సగటు ఆదాయం 30,000కు చేరింది. అంటే మూడు రెట్లయింది. పాత ఆరు కుటుంబాల్లో ఎవరికీ ఒక్క రూపాయి పెరగలేదు. ఆదాయాలను వరసగా పేర్చి నడిమి అంకెను చూస్తే, గణాంకశాస్త్రం మధ్యగతం అనే ఆ అంకె 10,000 దగ్గరే వుంటుంది. నేను సగటును చూసి కథ రాశాను. వెళ్ళిపోయిన నాలుగు కుటుంబాలనూ సగటు చెప్పదు, మధ్యగతమూ చెప్పదు. వాళ్ళను వెదకవలసింది రచయితే.

రెండోది సరిహద్దు. గ్రామ పంచాయతీగా వుండిన దర్శి నగర పంచాయతీ అయింది. 2021 నవంబరులో దానికి తొలి ఎన్నికలు జరిగాయి. ఏ ఊరికైనా హద్దు జరిగితే, ఎవరూ గడప దాటకుండానే జనాభా కూర్పూ ఆదాయాల లెక్కా మారిపోతాయి. కాబట్టి రెండు కాలాలను పోల్చేటప్పుడు రెండు లెక్కలూ ఒకే నేలవేనా అని ముందుగా చూసుకోవాలి.

మూడోది ఇంటి ఆదాయమనే మాట. జీతగాడికి నెలాఖరుంది. మిరపకోతలకు వెళ్ళే స్త్రీకి కోతలున్నన్నాళ్ళే కూలి. కౌలురైతుకు పంట అమ్మిననాడు చేతికొచ్చింది వేరు, అప్పుపోగా మిగిలింది వేరు. ఒకరి జీతంగా వచ్చిన 20,000, నలుగురి రెక్కలమీద వచ్చిన 20,000 కాగితం మీద ఒకటే.

వీటన్నిటికీ అడుగున కులం వుంది. అమెరికాలో శివారు మారిన తీరును తెలుపు నలుపుల భేదాన్నీ, కుటుంబ ఆదాయాన్నీ కలిపి చదువుతారు. అక్కడి జనగణన మొదటి భేదాన్ని 1790 నుంచీ నమోదు చేస్తోంది, ఆదాయాన్ని 1940లో అడగడం మొదలుపెట్టింది. మన జనగణన అన్ని కులాలనూ చివరిసారి లెక్కించింది 1931లో. అప్పటికి దర్శి నెల్లూరు జిల్లాలో వుంది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. 1951 నుంచి 2011 వరకు జరిగిన జనగణనల్లో ఎస్సీ, ఎస్టీల లెక్క తప్ప ఇతర కులాల లెక్క రాలేదు. ఆదాయమెంతని అవి అడగనే లేదు. 2027 జనగణనలో కులాన్ని లెక్కించాలని కేంద్రం 2025లో నిర్ణయించింది.

రెండింటినీ కలిపి చూస్తే ఏం తేలుతుందో 2023లో బీహారు సర్వే చూపింది. నెలకు 6,000 రూపాయలకు మించని ఆదాయంతో బతికే కుటుంబాలు అక్కడ నూటికి 34. ఎస్సీల్లో అవి సుమారు 43, జనరల్ వర్గాల్లో సుమారు 25. కులంతో పనిలేదనేవారికి మొదటి అంకె సమాధానం. అగ్రకులాల్లో పేదలెక్కడనేవారికి రెండోది సమాధానం. వర్గాన్నీ కులాన్నీ విడదీసి చూసే విమర్శకు ఈ వాస్తవం అందదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు పెట్టిన 'మాలపల్లి' అన్న పేరు ఒక చిరునామా. ఎవరు, ఎక్కడ అన్నవి ఆ ఒక్క మాటలోనే వున్నాయి. ఈనాటి మన కథల్లో 'కాలనీ' అనే మాట ఆ చిరునామాను చెరిపేస్తోంది. డాబాలు పక్కపక్కన లేచినంతమాత్రాన మనుషులు కలిసినట్టు కాదు. అద్దె ఇంటి గుమ్మంలో ముందు అడిగేది అద్దె సంగతో, ఇంటిపేరు సంగతో కూడా కథకుడు వినాలి.

నా కథను తిరగరాస్తున్నాను. స్థలం అమ్ముకున్న కుటుంబం ఎక్కడికి వెళ్ళిందో ముందు కనుక్కోవాలి. ఆ విద్యార్థి నాకు తోడు వస్తానన్నాడు.