మీకు తెలుసా? మార్ట్‌గేజ్‌లో చచ్చిందేమిటో!

ఇంటి లోను కోసం బ్యాంకులో దస్తావేజులు పెట్టిన వాళ్లకి ‘మార్ట్‌గేజ్’ బాగా తెలిసిన మాటే. పాత ఫ్రెంచిలో ‘మోర్ట్’ అంటే చచ్చిన, ‘గేజ్’ అంటే తాకట్టు. ఎంగేజ్‌మెంట్‌లో ఉన్నదీ ఈ గేజే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక అక్కడి కోర్టుల్లో ఫ్రెంచి పాతుకుపోయింది, రికార్డులేమో లాటిన్‌లో నడిచాయి. లాటిన్‌లో దీని పేరు ‘మోర్టువుమ్ వాడియుమ్’. అదీ చచ్చిన తాకట్టే.

ఇంతకీ చచ్చిందేమిటి? 15వ శతాబ్దపు న్యాయమూర్తి థామస్ లిటిల్‌టన్ ఇచ్చిన జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. గడువులోగా బాకీ కట్టకపోతే అప్పు తీసుకున్నవాడికి ఆ భూమి చచ్చినట్టే. కట్టేస్తే అప్పిచ్చినవాడికి తాకట్టు చచ్చినట్టే.

ఈ వివరణ ముచ్చటగానే ఉంది. కానీ అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, ఇంగ్లండు రాజు రెండో హెన్రీ పాలన చివరి రోజుల్లో గ్లాన్‌విల్ పేరు మీద వెలువడిన లాటిన్ గ్రంథం వేరే సంగతి చెబుతోంది. నాకు అదే నమ్మబుద్ధవుతుంది. ఆ రోజుల్లో పొలం తాకట్టు పడితే అప్పిచ్చినవాడే దాన్ని స్వాధీనం చేసుకుని ఫలసాయం అనుభవించేవాడు. ఆ రాబడిని బాకీలో తగ్గిస్తూ పోతే రైతు ఎప్పటికైనా బయటపడతాడు. తగ్గించకపోతే? పది పౌన్ల అప్పుకి ఏటా పౌను విలువైన పంట పదేళ్లు తిన్నా బాకీ పది పౌన్లే! గ్లాన్‌విల్ గ్రంథం మోర్ట్ గేజ్ అన్నది దీన్నే. రాజుగారి కోర్టు దీన్ని నిషేధించలేదు గానీ వడ్డీ కిందే లెక్కగట్టింది. ఇలాంటి తాకట్టు చేతిలో ఉండగా అప్పిచ్చినవాడు పోతే, అతని సొత్తును వడ్డీ వ్యాపారి సొత్తులాగే చూడాలంది.

మన పల్లెల్లో స్వాధీన తనఖా ఎరిగినవాళ్లకి ఇది కొత్త లెక్కేం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో ఇది ఇప్పటికీ ఉంది. ఫలసాయం వడ్డీ కింద పోతుందా, అసలులో తగ్గుతుందా, కొంత దానికీ కొంత దీనికీనా అన్నది పత్రంలో రాసుకున్న షరతే తేలుస్తుంది.