ముఖం మీద గుంటలు, చేతిలో సూదుల చక్రం: ఇంటి డెర్మా రోలర్‌పై అపోహలు – వాస్తవాలు

మొటిమల గుంటలున్న పిల్లకు గానీ పిల్లోడికి గానీ ఆదోని, ఎమ్మిగనూరుల్లో సలహాలకు కొదవ లేదు. శనగపిండిలో పసుపు కలిపి రాయమని ఒకరు, నిమ్మరసం రుద్దమని ఒకరు చెబుతారు. మెడికల్ షాపులో అడిగితే ఏదో ఒక ట్యూబు చేతిలో పెడతారు. ఇప్పుడు వీటి సరసన డెర్మా రోలర్ వచ్చి చేరింది. చిన్న పిడి, దాని కొసన తిరిగే చక్రం, చక్రం నిండా సన్నటి సూదులు. ఫోన్లో ఆర్డరు పెడితే కొన్ని వందల రూపాయలకే గుమ్మంలోకి వస్తుంది. అద్దం ముందు నిలబడి ముఖం మీద దొర్లించుకుంటే గుంటలు పూడిపోతాయని వీడియోలు ఊరిస్తాయి.

ఈ పిల్లల్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే సుమారు 100 కిలోమీటర్లు. జిన్నింగ్ మిల్లులోనో బట్టల అంగట్లోనో పనిచేసే వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. పైగా ఇంట్లో “మొటిమలకు కూడా డాక్టరా?” అనే మాట. ఇంకోపక్క పెళ్లిచూపులు తరుముకొస్తుంటాయి. అందుకే తలుపేసుకుని తమకు తామే వైద్యం చేసుకుంటున్నారు. వాళ్ల ఆరాటం నిజం. వాళ్లకు అమ్ముతున్న సమాచారమే సగం సగం.

అపోహ: ఈ సూదుల వైద్యమంతా మోసం.

కాదు. ఇది వైద్యులు పరీక్షించి చూసిన పద్ధతి. 1990ల చివర్లో కెనడాలో కమిరాండ్ అనే సర్జన్, సహచరుడితో కలిసి, రంగు లేకుండా పచ్చబొట్టు సూదితో మచ్చల మీద గుచ్చి, మచ్చ మెత్తబడటం గమనించారు. దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ ఆ ఆలోచనను సూదుల చక్రంగా మలిచారు. సూది దిగిన ప్రతిచోటా చిన్న గాయమవుతుంది. గాయాన్ని మాన్పడానికి రక్తంలోని ప్లేట్‌లెట్లు సంకేతాలు పంపుతాయి, చర్మం అడుగున దానికి బిగువునిచ్చే కొత్త కొల్లాజెన్ పుడుతుంది. మన చర్మపు రంగు మీద కూడా దీన్ని పరీక్షించారు. శ్రీనగర్ చర్మవైద్యుడు ఇమ్రాన్ మజీద్ 2009లో ప్రచురించిన పరిశీలనలో చికిత్స పూర్తిచేసుకున్న 36 మందిలో 34 మందికి గుంటల తీవ్రత ఒకటి రెండు మెట్లు తగ్గింది. అయితే బాగా మేలు కనిపించింది వెడల్పాటి గుంటల్లో. సన్నగా లోతుగా దిగిన గుంటల్లో ఫలితం ఓ మోస్తరే. పైగా అది ఆసుపత్రిలో, మత్తు క్రీము రాసి, వైద్యుడు ఎంచుకున్న సూదితో చేసిన పని. వీడియోల్లో ఈ ముక్క వినిపించదు.

అపోహ: మచ్చ ఏదైనా మచ్చే, రోలర్ అన్నిటికీ పనిచేస్తుంది.

డబ్బు, చర్మం రెండూ ఎక్కువగా పాడయ్యేది ఈ నమ్మకం దగ్గరే. కాబట్టి ముందు మీ ముఖం మీద ఉన్నదేమిటో తేల్చుకోండి. కిటికీ పక్కన నిలబడి వెలుతురు ముఖానికి ఒక పక్కనుంచి పడేలా చూసుకోండి. కళ్లు మూసుకుని మచ్చ మీద వేలు నెమ్మదిగా జరపండి. వేలికి ఏమీ తగలకుండా కంటికి మాత్రమే నల్లగానో గోధుమరంగులోనో కనిపిస్తే అది గుంట కాదు, మొటిమ తగ్గాక మిగిలిన రంగు. మన చర్మంలో ఈ రంగు తేలిగ్గా దిగుతుంది, నెమ్మదిగా పోతుంది. ఎండ తగలనివ్వకుండా, గిల్లకుండా ఉంటే చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే పలచబడుతుంది. దాని మీద సూదులు దొర్లిస్తే కొత్త గాయం, కొత్త వాపు, వాటి వెనకే కొత్త నలుపు. మచ్చలు పోవాలని రోలర్ కొనే వాళ్లలో ఎంతోమందికి ఉన్నవి ఈ నల్లమచ్చలే. అసలు సూదితో పనే లేని మచ్చలివి.

వేలికి పల్లంగా తగిలితే అది నిజమైన గుంట. అందులోనూ రకాలున్నాయి. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేది ఒకటి. దానికి వైద్యులు టీసీఏ అనే ఆమ్లాన్ని ఆ గుంటలోకి మాత్రమే చుక్కగా తాకిస్తారు (ఇది ఇంట్లో చేసుకునే పని అసలే కాదు). ఆటలమ్మ గుంటల్లా అంచులు నిటారుగా ఉండేది రెండోది. అలల్లా పల్లాలు పడేది మూడోది. చర్మాన్ని రెండు వేళ్లతో పక్కకు సాగదీస్తే ఈ మూడో రకం దాదాపు మాయమవుతుంది. దాని అడుగున గట్టిపడిన పోగులు చర్మాన్ని కిందికి పట్టి లాగుతుంటాయి. ఎమ్మిగనూరు మగ్గాల మీద కూర్చున్నవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు: కింద ఒక పోగు బిగిస్తే పైన గుడ్డ లోపలికి పోతుంది, పైనుంచి ఎంత రుద్దినా చదును కాదు. ఆ పోగును సూదితో కింద నుంచి తెంచడమే సబ్‌సిషన్ అనే చికిత్స. రోలర్ ఆ పని చేయలేదు.

ఇక పల్లం కాకుండా పైకి ఉబ్బిన మచ్చలుంటే, ముఖ్యంగా దవడ, భుజాలు, ఛాతీ మీద ఉంటే, సూది మాటే వద్దు. చెవి కుట్టించుకున్న చోట మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ కాయలా గడ్డ పెరిగిందా? అయితే మీ చర్మానికి కీలాయిడ్ గుణం ఉండవచ్చు. ఒక్కో సూదిపోటూ ఒక్కో గడ్డకు విత్తనం కావచ్చు.

అపోహ: పొట్టి సూదితో గుణం కనబడకపోతే పొడుగు సూది కొనాలి. రక్తం వస్తేనే పనిచేసినట్టు.

ఇంటి వాడకానికని అమ్మేవి ఎక్కువగా పావు మిల్లీమీటరు సూదులు. గుంట ఉండేది చర్మపు లోపలి పొరలో. ఈ సూదులు దాదాపు పైపొర దగ్గరే ఆగిపోతాయి, కాబట్టి వీటితో గుంట పూడటం వట్టి మాట. గుంటలకు వైద్యులు సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల సూది వాడతారు. అదే సూది ఆన్‌లైన్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. అసలు ప్రమాదం ఇదే.

చక్రం దొర్లేటప్పుడు సూది నిటారుగా దిగి నిటారుగా పైకి రాదు. ఏటవాలుగా దిగుతుంది, ఏటవాలుగా బయటికొస్తుంది. సూదులు చర్మంలో ఉండగానే చేయి పక్కకు తిప్పితే అవి చర్మాన్ని చీరేస్తాయి. నాలుగుసార్లు వాడిన చవక రోలర్‌ను భూతద్దం కింద పెడితే కొన్ని సూదుల కొసలు కొక్కేల్లా వంగి కనిపిస్తాయి. అవి గుచ్చవు, గీరుతాయి. ఎముక దగ్గరగా ఉండే చెంప పైభాగం, కణతల మీద గట్టిగా నొక్కి దొర్లించినప్పుడు రైలు పట్టాల్లా వరుస గీతలు మిగిలిపోవడాన్ని మన దేశపు వైద్యులు 2012లోనే వైద్య పత్రికలో నమోదు చేశారు. గుంటలు పోవాలని మొదలుపెడితే గీతలు మిగిలాయి.

ఇంకో మోసం వాపుది. రోలర్ వాడిన మర్నాడు ముఖం కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి గుంటలు పూడినట్టే కనిపిస్తాయి. ఫోటో తీసి పెట్టేది ఆ రోజే. వాపు దిగాక గుంట ఎక్కడిదక్కడే ఉంటుంది. వెంటనే రెండోసారి మొదలుపెడతారు. కొత్త కొల్లాజెన్ కుదురుకోవడానికి నెలలు పడుతుంది, అందుకే ఆసుపత్రిలో ఒక్కో విడతకు కనీసం నాలుగు వారాల ఎడం ఇస్తారు. ముహూర్తం ఇంకా పది రోజులుందనగా రోలర్ పట్టుకునే పెళ్లికూతురికి ఎరుపూ నలుపూ తప్ప వేరే దక్కేది ఉండదు.

అపోహ: వేడినీళ్లలోనో డెట్టాల్లోనో ముంచితే రోలర్ శుభ్రమైపోతుంది. అక్కాచెల్లెళ్లు ఒకటే వాడుకోవచ్చు.

వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సూదుల మొదట్లో ఎండిపోయిన రక్తం కంటికి కనిపించదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతుకుతుంది. ఆసుపత్రిలో పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో పెడతారు. ముఖానికి వాడిన సూదులను ఒక మనిషితోనే సరి, పారేస్తారు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో అనుమతి లేని ఒక స్పాలో ముఖానికి సూదులు గుచ్చి సొంత రక్తం నుంచి తీసిన ద్రవం ఎక్కించే సౌందర్య చికిత్స చేయించుకున్న మహిళలకు హెచ్‌ఐవీ సోకింది. 2018లో బయటపడిన ఆ ఘటనపై అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో నివేదిక ఇచ్చింది. హాస్టలు గదిలో నలుగురు ఒకే రోలర్ వాడుకోవడమన్నా, పార్లర్‌లో ఒకరికి వాడినది ఇంకొకరికి దొర్లించడమన్నా ప్రమాదం అదే.

అపోహ: సూదులు గుచ్చాక సీరమ్ రాస్తే లోపలికంటా దిగి ఇంకా మేలు.

లోపలికి దిగే మాట నిజమే, చిక్కంతా అక్కడే. పైన రాసుకోవడానికి తయారుచేసిన వస్తువు చర్మం లోపలికి పోతే ఒళ్లు దాన్ని పరాయిదిగా చూడవచ్చు. సూదుల తర్వాత విటమిన్ సి సీరమ్ రాసినప్పుడు ముఖం మీద మానని గడ్డలు లేచిన ఉదంతాలు 2014లో వైద్య పత్రికకెక్కాయి. నిమ్మరసం ఇంకా చెడ్డది, దాని మీద ఎండ పడితే చర్మం కాలినట్టై నల్లబడుతుంది. మన ఎండలు ఎలాంటివో వేరే చెప్పాలా!

మంట తగ్గడానికని అంగట్లో ఇచ్చే ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని ఉందేమో చదవండి. ఇవి స్టెరాయిడ్లు. మొదట ముఖం తెల్లబడినట్టుంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు విరుచుకుపడతాయి, మానేస్తే మంట. రోలర్ కన్నా ఎక్కువ ముఖాలు పాడుచేసేవి ఈ ట్యూబులే అని నా అభిప్రాయం.

అపోహ: రోలర్ మొటిమల్ని కూడా తగ్గిస్తుంది.

చీము మొటిమ మీదుగా చక్రం దొర్లితే ఆ చీము ముఖమంతా పాకుతుంది. ఉలిపిరికాయలూ అంతే, గీత గీసినట్టు వరుసగా లేస్తాయి. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు గాయమైనచోట ఆ జబ్బే కొత్తగా పుట్టవచ్చు. గడ్డం బాగా రావాలని కొన్న రోలర్‌ను అబ్బాయిలు చెంపల మీద కూడా తిప్పేస్తుంటారు, వాళ్లకూ ఇదే మాట.

మొటిమలు కొత్తగా వస్తున్నంతకాలం గుంటలకు వైద్యం మొదలుపెట్టి లాభం లేదు. ముందు మొటిమలు ఆగాలి. గిల్లడం మానాలి. ఎండలోకి పోయేముందు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, పైన చున్నీయో గొడుగో. రాత్రిపూట రాసే అడాపలీన్ లాంటి మందు డాక్టరు సలహాతో వాడాలి, గర్భిణులు వాడకూడదు. రోలర్‌కు పెట్టే డబ్బు సన్‌స్క్రీన్‌కు పెడితే నల్లమచ్చలున్న వాళ్లకు నూటికి నూరుపాళ్లూ మేలు.

నిజమైన గుంటలున్నవాళ్లు ఒక్కసారైనా చర్మవైద్యుడికి చూపించుకోవాలి. బోర్డు మీద ఎండీ డీవీఎల్ గానీ డీడీవీఎల్ గానీ ఉందేమో చూడండి. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఆదోనివాళ్లకు బళ్లారి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఇంకా దగ్గర. వెళ్లినప్పుడు మూడు విషయాలు అడగండి: నావి నల్లమచ్చలా గుంటలా, గుంటలైతే ఏ రకం, నా చర్మానికి కీలాయిడ్ గుణం ఉందా. వాడుతున్న ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

ఇప్పటికే రోలర్ వాడి ముఖం ఎర్రగా వేడిగా ఉన్నా, చీము పట్టినా, గడ్డలు లేచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. మరొకరి రోలర్ వాడి ఉంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోండి. ఇంట్లో ఉన్న పాత రోలర్‌ను మాత్రం ఊరికే చెత్తబుట్టలో వేయకండి. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దగ్గర్లోని ఆసుపత్రిలో సూదులు వేసే డబ్బాకు అప్పగించండి. పొద్దున్నే మున్సిపాలిటీ బండిలో చెత్త వేరుచేసే వాళ్లవి ఉత్తి చేతులు.